మొక్కుకోడి ఎంగిలి

గూటి తలుపు తీసే ముందు దుర్గమ్మ కాసేపు చెవి ఆనించి వింటుంది. రెక్కల టపటప, పుంజు గొంతు సవరింపు, చోటు కోసం పెట్టలు ఒకదాన్నొకటి తోసుకోవడం, ఇవన్నీ ఆమె ఎరిగిన చప్పుళ్లు. వాటి నడుమ ఎక్కడైనా సన్నని గురక వినబడిందా, తలుపు తీయదు. చెయ్యి లోపలికి పోనిచ్చి ఆ గురక ఎవరిదో కనిపెట్టి, దాన్ని గంప కింద వేరుగా కమ్మి, ఆ తర్వాతనే మిగిలినవాటిని వాకిట్లోకి వదులుతుంది. ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. రెండేళ్ల కింద కొక్కెర తెగులు వచ్చి వాకిలంతా ఖాళీ చేసి పోయినప్పుడు, ఆ గురకను ఆలస్యంగా విన్న చెవి తనకు తానే నేర్చుకున్న పాఠం అది.

రేగొండకు కూతవేటు దూరంలోని ఆ పల్లెలో దుర్గమ్మ కోళ్లంటే ఒక పేరుంది. తెగులు మిగిల్చిన ఒకే ఒక బూడిదరంగు పెట్టను పొదగేసి, దాని పిల్లలను మళ్లీ పొదగేసి, ఆమె ఆ మందను తిరిగి నిలబెట్టింది. పాత కుండలో పేడ, తడి గడ్డి కూరి, నేల మీద బోర్లించి, రాత్రికి రాత్రి చెదలు పట్టించి పొద్దున పిల్లల ముందు దులిపేది. గద్ద నీడ పడితే తల్లికోడి కన్నా ముందు ఆమే అరిచేది. పొలం భర్త పోశాలుది, పత్తి ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు అమ్మాలో అతని ఇష్టం. కోళ్ల విషయంలో మాత్రం ఆ ఇంట్లో చివరి మాట ఆమెది. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో పూర్తిగా తన చేతి మీద నడిచింది ఆ వాకిలి ఒక్కటే.

ఈ శ్రావణంలో ఆమె తెగులు కంటే ముందే మేల్కొంది. టీకా సీసా ఒకటి కలిపితే వంద కోళ్లకు వస్తుంది. ఇరవై కోళ్ల కోసం పశువుల దవాఖాన వాళ్లు దాన్ని విప్పరు. అందుకని ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, ఒకరిద్దరితో తగవు కూడా పడి, వందకు సరిపడా కోళ్లను ఒప్పించింది. రేగొండ నుంచి టీకా వేసే దయాకర్ మంచు డబ్బాతో వచ్చి, పెద్దవాటికి రెక్క కింద సూది, పిల్లలకు ముక్కులో చుక్క వేసి, పోతూ పోతూ హెచ్చరించాడు.

"సూది ఎయ్యంగనే అయిపోలే దుర్గక్కా. అది లోపల పట్టుకునేదాంక వారం పైనే పడ్తది. అందాక బయటి కోడి మొఖం గూడ వీటికి సూపియ్యకు."

"సుట్టాల కోడి అయితేనో?"

"కోడికి సుట్టరికం ఉంటదేమో గని, రోగానికి ఉండదక్కా."

అతను వెళ్లి మూడు పొద్దులైనా కాలేదు. వాకిలి ముందు ఆటో ఆగింది. అందులోంచి పోశాలు అక్క కొమురమ్మ దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చంకలో నల్లని పెట్ట.

"ఏందే పిల్లా, బొమ్మ లెక్క నిలవడ్డవు? కోడినన్న వట్టుకో, నన్నన్న వట్టుకో. ఆటోల నడుము వడిపోయింది."

దుర్గమ్మ సంచి అందుకుంది. కోడి వైపు చెయ్యి సాచలేదు.

"ఏం కోడి వదినె గిది?"

"మన పోచమ్మకు మొక్కింది. మనుమడు జరంతోని దవాఖానల వడ్డప్పుడు మొక్కుకున్న. పుట్టింటి అమ్మ గద, ఆదివారం బోనాలకు ఇక్కడనే ఒప్పజెప్త."

"మరి ఇంత ముందుగాల్ల తెచ్చినవు?"

"ఏం జేద్దునే! మా ఊళ్లె కోళ్లకు తెగులు వడ్డది. ఆకుపచ్చగ పారుడు, తూలుడు, మెడ తిప్పుకొని వడిపోవుడు. ఇంట్ల ఇది ఒక్కటే మిగిలింది. ఆదివారం దాంక అక్కడ ఉంచితె దీన్ని గూడ ఎత్తుకపోతదని ముందే వట్టుకొచ్చిన."

దుర్గమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఊళ్లో తెగులు మొదలుకాగానే బతికిన కోడిని చంకన పెట్టుకుని చుట్టాలింటికి చేర్చడం ఈ ప్రాంతాల్లో ఎంత పాత అలవాటో చెప్పలేం. ప్రేమతో చేసే పనే. కానీ తెగులును ఊరి నుంచి ఊరికి ఆటో ఎక్కించి పంపడానికి ఇంతకన్నా తిన్నని దారి ఇంకొకటి లేదు. కోడి పైకి నిగనిగలాడుతున్నా, రోగం దాని లోపల అప్పటికే కాపురం పెట్టి ఉండవచ్చు.

వెనక్కి పంపమందామా? తల్లి చనిపోయాక పోశాలును ఎత్తి పెంచింది కొమురమ్మ. అమ్మవారికి మొక్కిన కోడిని రోగిష్టిదంటే ఆమె ఈ గడపలో మంచినీళ్లు కూడా ముట్టదు. లోపలికి రానిస్తే? గూట్లో సూది ఇంకా పట్టుకోని మంద ఉంది. ఇంకా కాళ్లు సరిగ్గా నిలవని పిల్లలున్నాయి. వాకిట్లో ఆటో పొగ చెదిరేలోపల దుర్గమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది.

"వదినె, ఆగు. దాన్ని కిందికి దింపకు. అమ్మ సొమ్ము ఇంటి కోళ్ల ఎంగిలి తాగుతదా? ఇవి పెంటల పొర్లి, బురదల మూతి వెట్టి, అదే గిన్నెల తాగుతయ్. ఆ ఎంగిలి తాగిన కోడిని అమ్మకెట్ల ఒప్పజెప్తవు?"

కొమురమ్మ కోడిని ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంది.

"దీనికి వేరే గూడు, వేరే గిన్నె, వేరే మేత. ముట్టేముందు కాళ్లు చేతులు కడుగుడు, ముట్టినంక కడుగుడు. అమ్మ సొమ్ము అంటిన చెయ్యితోని ఇంటి కోళ్లకు తవుడు కలుపుతమా?"

అప్పుడే పొలం నుంచి వచ్చిన పోశాలు ఈ చివరి మాటలు విన్నాడు. "మన ఇంట్ల ఈ నేమం నేనెన్నడు సూడలే."

"నువ్వు ఇంట్లున్నదెన్నడు?" అంది దుర్గమ్మ. అతను కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

వాకిలికి అటు చివర, పత్తికట్టె మోపుల వెనక, పాత పాక ఒకటి ఖాళీగా ఉంది. గాలి అటు నుంచి గూటి వైపు వీచదు. దుర్గమ్మ దాన్ని ఊడ్చి, సున్నం చల్లి, మొక్కుకోడిని అందులో పెట్టించింది. గోడ అవతల మేకలకు సుబాబుల్ రెమ్మలు కట్టి వేలాడదీస్తున్న పొరుగింటి శాంతి ఈ వైభవమంతా చూసింది.

"అక్కా, మా పాస్టరు సారు వస్తె గూడ మేమింత మర్యాద జెయ్యం."

దుర్గమ్మ గోడ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది. "మర్యాద గాదు శాంతీ, దవాఖాన. వాళ్ల ఊళ్లె తెగులున్నది."

శాంతి కాసేపు నవ్వు ఆపుకోలేకపోయింది. "మావి మేకలు, నాకు భయం లేదు. గని జర సూసుకో అక్కా. అబద్ధాన్ని పెంచవడితివి. దానికి మేత బాగ గావాలె."

మొదట్లో అంతా సాఫీగా సాగింది. దుర్గమ్మ ఊహించినదానికన్నా బాగా సాగింది. మనవాళ్లకు సూక్ష్మక్రిమి సంగతి చెబితే అర్ధగంట వాదిస్తారు; ఎంగిలి అంటే అరక్షణంలో చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఒకరి నోరు తగిలినది ఇంకొకరికి కీడు చేస్తుందన్న ఆ పాత భయంలో కొంత నిజముంది, చాలా అన్యాయమూ ఉంది. దుర్గమ్మ ఆ అన్యాయాన్ని అవతల పెట్టి, నిజమున్న కొసను పట్టుకుంది. మంద చుట్టూ కంచె కట్టాలంటే చేతికి అందిన కంపతోనే కదా కడతారు!

కొమురమ్మ మాత్రం కరిగిపోయింది. తన మొక్కును ఇంత పెద్దగా ఎవరు ఎంచారు? బోరింగు దగ్గర నలుగురికీ చెప్పింది. "మా మరదలిది ఎంత బత్తి అనుకుంటున్నరు! మొక్కుకోడికి సుత ఎంగిలి తగులనియ్యదు." పక్కవాడ ఆడవాళ్లు చూడడానికి వచ్చారు. దుర్గమ్మ వాళ్లను పాక బయటే నిలిపి, పోయేటప్పుడు కాళ్లు కడిగించి పంపింది. వాళ్లు పాకకు దండం పెట్టి మరీ పోయారు. లింగవ్వ అనే పెద్దామె కోడి ముందు పసుపు కుంకుమ చల్లబోతే, దూరం నుంచే చల్లమంది. లోలోపల దుర్గమ్మకు కాస్త గర్వం కూడా కలిగింది. ఇంత సులువా!

శనివారం పొద్దున ఆమె ఎప్పటిలా గూటి దగ్గరికి వచ్చింది. అప్పటికే అక్కడ ఎవరో ఉన్నారు.

కొమురమ్మ స్నానం చేసి, తడి వెంట్రుకలు ముడి వేసుకుని, గూటి ముందు వంగి నిలబడి ఉంది. ఎడమ చేతిలో మొక్కుకోడి నీళ్ల గిన్నె. కుడి చేతిలో వేపమండ. మండను గిన్నెలో ముంచి, గూటి సందుల్లోంచి కోళ్ల మీద చిలకరిస్తోంది. తల్లికోడిని కమ్మిన గంప మీద, దాని కింది పిల్లల మీద అప్పటికే నీళ్లు మెరుస్తున్నాయి.

"వదినె! ఏం జేస్తున్నవ్!"

ఆ కేకకు కొమురమ్మ ఉలిక్కిపడింది, కానీ ముఖంలో నవ్వు చెదరలేదు. "అమ్మ కోడి తాగిన నీళ్లే పిల్లా. వీటి ఎంగిలి అమ్మకు వద్దంటివి. మరి అమ్మ ఎంగిలి వీటికి పెసాదమే గద! నీ కోళ్లు సల్లగుండాలెనని సల్లుతున్న. లింగవ్వ గూడ తన కోళ్లకు ఇన్ని నీళ్లు పొయ్యమన్నది, రేపు పొద్దుగాల తీస్కపోతదట."

దుర్గమ్మ గంపకు అడ్డం వెళ్లింది. వదిన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మనుషుల ఎంగిలి మైల, దేవత ఎంగిలి ప్రసాదం. ఆచారానికి రెండు వైపులున్నాయి. తన అవసరానికి దుర్గమ్మ ఒక వైపు మాత్రమే వాడుకుంది. రెండో వైపు దానంతటదే నడిచి వచ్చి గూటి ముందు నిలబడింది. రేపు లింగవ్వ గిన్నెతో పోతుంది, ఎల్లుండి ఇంకొకరు. తాను ఇల్లిల్లూ తిరిగి కాపాడుకున్న వందకోళ్ల మీదా అదే వేపమండ ఆడుతుంది.

"వదినె, ఆ గిన్నె కింద వెట్టు. నేనొకటి జెప్త, కోపం జెయ్యి గని ఇను. ఆ కోడిని అమ్మ సొమ్మని గాదు నేను దూరం వెట్టింది. మీ ఊరి తెగులు దాని లోపల ఉండొచ్చని వెట్టిన. ఆ నేమం, ఆ ఎంగిలి ముచ్చట, అంత నా నోట్లెకెల్లి పుట్టినయ్. అమ్మ జెప్పలే, పెద్దలు జెప్పలే."

కొమురమ్మ చేతిలోని వేపమండ నుంచి నీటిబొట్లు రాలుతూనే ఉన్నాయి.

"అంటె నా కాళ్లు గూడ గందుకే కడిగిపిచ్చినవా?"

"అవు వదినె."

"నువ్వు, నా తమ్ముడు, ఇద్దరు గలిసి నవ్వుకున్నరా?"

"ఆయనకు తెల్వదు. ఆయన గూడ నమ్మిండు."

పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చిన పోశాలు అక్కడే ఆగాడు. "ఏందీ? ఉత్తదేనా అంత? మూడు పూటల సలినీళ్లతోని కడుక్కుంటి గద నేను!"

ఎవరూ నవ్వలేదు. కొమురమ్మ గిన్నె కింద పెట్టి, వెళ్లి పాక ముందు కూర్చుంది. జొన్నగట్క తెచ్చి పెడితే ముట్టలేదు. తమ్ముడు బతిమాలితే మొహం తిప్పుకుంది. అవమానం ఎంత లోతుగా దిగిందో దుర్గమ్మకు తెలుస్తూనే ఉంది. అయినా ఆమె చేతులు ఆగలేదు. లింగవ్వ ఇంటికి పరుగెత్తి ఉన్నది ఉన్నట్టు చెప్పి వచ్చింది, తిట్లు తిని మరీ. గిన్నెను మసిలే నీళ్లలో వేసింది. గంప ఎత్తి పిల్లలను ఒక్కొక్కటిగా పాతగుడ్డతో తుడుస్తూ కూర్చుంది. తుడిస్తే పోయేది కాదని తెలుసు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పాక ముందు నుంచి కొమురమ్మ లేచింది. ఈసారి గూటికి దూరంగానే నిలబడింది.

"దుర్గమ్మా. రెక్కలు జారవెట్టింది. నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. మా ఇంటి కోళ్లు గూడ ముందుగాల గిట్లనే జేసినయ్." పాక వైపు ఒకసారి తిరిగి చూసింది. "నువ్వన్నది నిజమే. ఇప్పుడేం జెయ్యాలె? జెప్పు. ఈసారి ఎందుకో గూడ జెప్పు."

ఆ మధ్యాహ్నం ఇద్దరాడవాళ్లూ చేసిన పని చూడవలసింది. నీళ్లు పడిన కోళ్లన్నిటినీ ఒకే గూట్లో ఉంచితే, ఒకటి పడితే అన్నీ పడతాయి. అందుకని రెండేసి, మూడేసిగా విడదీసి, దొరికిన ప్రతి గంప కిందా, పాత నీళ్లతొట్టి వెనకా, కట్టెల చాటునా సర్దారు. మేకలకు ఈ తెగులు అంటదు కనుక, వేరే గంప కింద ఉండి నీళ్లు పడని ఇంకో తల్లీపిల్లల గుంపు గోడ దాటి శాంతి మేకల కొట్టంలోకి పోయింది. ప్రతి దానికీ కొమురమ్మ "ఎందుకు?" అని అడిగింది. దుర్గమ్మ ప్రతిసారీ చెప్పింది. తెలియని చోట తెలియదంది. "గాలికి గూడ వస్తదా?" అంటే, "దగ్గరైతె వస్తదంటరు, ఎంత దగ్గరనో నాకు తెల్వదు" అంది.

సాయంత్రానికి మొక్కుకోడి పోయింది. "ఉత్తగ పారేసుడెందుకు, మసాలలు ఏసి వండుతె ఏమైతది?" అని పోశాలు ఒక మాట వదిలాడు.

ఈసారి జవాబు చెప్పింది కొమురమ్మ. "ఈకలెక్కడ వేస్తవ్ రా? కడిగిన నీళ్లెక్కడ వొంపుతవ్? గీ వాకిట్లనేనా? పో, గడ్డపార తే." తన చేత్తోనే లోతుగా పాతిపెట్టి, పైన సున్నం పోసింది.

ఆదివారం కొమురమ్మ బోనమెత్తుకుని కోడి లేకుండానే పోచమ్మ దగ్గరికి పోయింది. తన పుంజునిస్తానని దుర్గమ్మ అంటే వద్దంది. "అమ్మ ఆగుతది తియ్యే. మనుమడు బతికితె కోడినిస్తనని మొక్కిన గని, తారీకు రాసియ్యలే."

తర్వాతి రోజులు చెవులతో బతికిన రోజులు. ఇద్దరూ ఒక్కో గంప దగ్గరా వంగి వినేవారు. నీళ్లు నేరుగా పడిన పిల్లల గుంపులో చాలావరకు దక్కలేదు. వాటిని ఏరి తీస్తుంటే కొమురమ్మ కళ్లు తుడుచుకుంది, దుర్గమ్మ తుడుచుకోలేదు, అంతే తేడా. ఒక ముసలి పెట్ట మేత మానింది. మిగిలినవి మాత్రం ఒక్కొక్కటే గంప లోపలి నుంచి నేలను గీరడం మొదలుపెట్టాయి. వారం గడిచేసరికి మంద నిలిచింది. సూది సకాలంలో పట్టుకుందా, గిన్నెలో విషం పలచగా ఉందా, విడదీయడం పనిచేసిందా, ఒక్క వాకిలిని చూసి తేల్చడానికి శాస్త్రం ఒప్పదు. అమ్మ కరుణించిందని లింగవ్వ అంది. దుర్గమ్మ ఆమెతో వాదించలేదు. కడిగిన గిన్నెలను ఎండలో బోర్లించుకుంటూ పోయింది.

ఊరికి బయలుదేరేముందు కొమురమ్మ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. "మా ఊళ్లె ఇంక తెగులు ముట్టని వాడలున్నయ్. నువ్వు రావాలె."

దయాకర్‌ను ఒప్పించి, మంచు డబ్బాతో, అతన్ని వెంటబెట్టుకుని దుర్గమ్మ ఆ ఊరు వెళ్లింది. అక్కడ కోళ్లను ఒకచోటికి పోగుచేయవద్దని ముందే చెప్పి పంపింది. తెగులు లేని కొస నుంచి మొదలుపెట్టి ఇల్లిల్లూ తామే నడిచారు. కలిపిన మందు ఎక్కువసేపు నిలవదు. ఎండ ఎక్కుతోంది. డబ్బాలో మంచు నీరవుతోంది.

నాలుగో ఇంట్లో ఒక ముసలమ్మ తన పెట్టను చీరకొంగులో చుట్టుకుని, ఇవ్వకుండా నిలబడింది. "ఆగుండ్రి. కోళ్లకు సూదులేంది? అమ్మ సెలవిచ్చిందా? ఎవలన్న అమ్మ పూని సిగమూగిండ్రా?"

దుర్గమ్మ డబ్బా వైపు చూసింది. అవునంటే చాలు. ఆ ముసలమ్మే కాదు, వాడంతా కోళ్లను పట్టుకుని గుమ్మాల్లో నిలబడుతుంది. మంచు కరిగేలోపల పని అయిపోతుంది. నోటి చివరిదాకా వచ్చిన మాటను ఆమె ఇంకా మింగకముందే కొమురమ్మ ముందుకు వచ్చింది.

"అమ్మ ఏం జెప్పలే అత్తా. మా మరదలు జెప్పింది. తొందరల ఉంది గని, ఎందుకో జెప్పకుంట పోదు. నువ్వు జెప్పే పిల్లా, నేను కోడిని వడ్త."

దుర్గమ్మ చెప్పింది. ఒకదాని నోటి నుంచి, రెట్ట నుంచి ఇంకొకదానికి తెగులు ఎలా పోతుందో, సూది లోపల ఏం చేస్తుందో, ఎన్నాళ్లకు చేస్తుందో, తన పిల్లలు ఏ నీళ్లతో పోయాయో కూడా చెప్పింది. ముసలమ్మ అంతా విని, కొంగు ముడి నెమ్మదిగా విప్పి పెట్టను కొమురమ్మకు అందించింది. దయాకర్ సూది వేశాడు. పెట్ట ఒక్క అరుపు అరిచి, రెక్కలు దులుపుకుని దూరం పోయింది.

వాళ్లు దడి దాటబోతుంటే వెనక నుంచి ముసలమ్మ పిలిచింది.

"ఓ పిల్లా, రెట్టతోని వస్తదంటివి గద. మరి నేను, మా పక్కింటిది ఒక్కటే సీపురుతోని ఊడుస్తం. దాని కోళ్లు నిన్నటికెల్లి తూలుతున్నయ్. అంటె సీపుర్లు గూడ వేరువేరు గావాలె గద?"

చీపురు సంగతి దుర్గమ్మ చెప్పలేదు. ఆమెకు తోచనే లేదు.